దిగిరాని కేక

ఇంట్లో రోగం పెట్టుకుని గడప బయట నవ్వుతూ తిరిగేవాడా, నీకే చెబుతున్నాను. అటూ ఇటూ చూడకు. నీ పక్కవాడి గురించి కాదు, నీ గురించే. మొన్న నీ పిల్లవాడికి ఒళ్ళంతా పొక్కులు పోస్తే, చుట్టాల పెళ్ళి తప్పుతుందని మెడదాకా బొత్తాలు పెట్టి తీసుకుపోయావు. అడిగినవాళ్ళకు ఎండకు కందిందన్నావు. ఒక్క మాట నిజం చెబితే నీ సొమ్మేం పోయేది? నలుగురు దూరంగా కూర్చునేవాళ్ళు, అంతేగా? యాకయ్య కూడా నీలాగే అనుకున్నాడు. అతని సంగతి చెబుతాను, కదలకుండా విను.

డెబ్బైల్లో మాట. కాజీపేటలో అప్పటికింకా బొగ్గు ఇంజన్లే ఎక్కువగా తిరిగేవి. పట్టాలకు అవతల, ఇంజన్ల బూడిద పోసే దిబ్బల వెనక, పందులు పెంచుకునేవాళ్ళ వాడ ఉండేది. తాటికమ్మల గుడిసెలు, గుడిసెకొక దొడ్డి. ఆ వాడలో పొద్దున పనంతా ఒక వరుసలో నడిచేది. మొదట దొడ్ల తడకలు తీసేవాళ్ళు. పందులు గుంపులుగా బూడిద దిబ్బల మీదుగా చెరువు కట్ట దిక్కు పోయేవి. మగవాళ్ళు ఈతకమ్మలు కోసుకొచ్చేవాళ్ళు, ఆడవాళ్ళు నీడన కూర్చుని బుట్టలు అల్లేవాళ్ళు. వంతు వచ్చిన ఇంటివాళ్ళు రిక్షా బండి తోసుకుంటూ స్టేషన్ దగ్గరి హోటళ్ళకు పోయి, మిగిలిన అన్నం, పప్పు, కూర డ్రమ్ములో తెచ్చి వాడ నడుమ ఉన్న పెద్ద తొట్టిలో పోసేవాళ్ళు. ఆ కుడితి అందరి పందులకూ. ఒకరిది ఎక్కువ, ఒకరిది తక్కువ అనే లెక్క ఉండేది కాదు.

సాయంత్రం చిలుకమ్మది.

చిలుకమ్మ అప్పటికే జుట్టు నెరిసిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. పొద్దు దిబ్బల వెనక్కి దిగగానే ఆమె తన గుడిసె ముందు నిలబడి, కొంగు నడుముకు దోపి, ఒక్కటే ఒక్క కేక వేసేది. "ఉర్ర్... దా... దా... దా..." అని. ఆ కేక ఆమె నోట్లోంచి వెళ్ళి, తాడిచెట్టంత ఎత్తులో వాడ మీద ఆగేది. అక్కడే నిలబడి ఉండేది. కింద నడిచేవాళ్ళకు మాడు మీద తడిబట్ట వేసినట్టు చల్లగా తగిలేది. ఎండాకాలంలో పసిపిల్లలను ఎత్తుకుని తల్లులు సరిగ్గా దాని కిందికి వచ్చి నిలబడేవాళ్ళు. పందులు ఎంత దూరాన ఉన్నా ఆ కేకను చూసుకుంటూ ఇంటికి వచ్చేవి. ఆఖరి పంది దొడ్లో అడుగుపెట్టాక కేక మెల్లగా దిగి చిలుకమ్మ గొంతులోకి వెళ్ళిపోయేది. ఆమె చెంబెడు నీళ్ళు తాగి, "అమ్మయ్య, అన్నీ వచ్చినయ్" అనేది. కేక దిగేదాకా ఆమెకు మాట ఉండేది కాదు. ఏం కావాలన్నా సైగే.

గూడ్సు బండ్ల డ్రైవర్లు కూడా వాడ దగ్గరికి వచ్చేసరికి కూత చిన్నగా వేసేవాళ్ళు, ఆ కేకకు తగలకుండా.

దీనికి ఒక కట్టుబాటు ఉండేది. కొత్త పందిని కొంటే తెచ్చి చిలుకమ్మకు చూపించాలి. ఆమె దాని చెవి పట్టుకుని చూసేది, మర్నాటి నుంచి అది కేకలో చేరేది. పందిని అమ్మినా, కోసినా, పంది చచ్చినా దాని యజమాని స్వయంగా వచ్చి తన నోటితో ఆమెకు చెప్పాలి. చెబితే కేక దాని కోసం ఎదురుచూడదు. "వదినె, రేపు ఎర్రదాన్ని కోస్తానం" అని ఒకరు, "చిన్నమ్మా, నా నల్లది రైలు కింద పడ్డది" అని ఒకరు. "మంచిది బిడ్డా" అనేది, అంతే.

ఇంకో కట్టుబాటు రోగానిది. ఎవరి పందైనా తిండి మానేస్తే ఆ ఇంటివాళ్ళు దొడ్డి గుంజకు వేపకొమ్మ కట్టేవాళ్ళు. కొమ్మ కట్టిన దొడ్డి తడక తీయకూడదు. ఆ పందులు తొట్టి దగ్గరికి రాకూడదు. అందుకు బదులుగా మిగతా వాడంతా తలా ఒక బకెట్ కుడితి తెచ్చి ఆ దొడ్డికి దూరంగా ఉన్న బండమీద పెట్టి పోయేది. కొమ్మ కట్టినందుకు ఎవడూ ఆకలితో పడుకోలేదు. ఇది గుర్తుపెట్టుకో. యాకయ్యకు దారి లేక చేశాడని తర్వాత అంటావేమో, అందుకే ముందే చెబుతున్నాను.

యాకయ్య చిలుకమ్మకు మరిది. తల్లి చచ్చిపోతే పాలు మరవని వయసు నుంచి చిలుకమ్మే పెంచింది. మనిషి బక్కపలచన, నోరు మాత్రం తీపి. చచ్చేటట్టున్న గాడిదను కూడా గుర్రమని నమ్మించి అమ్మగలడని వాడంతా నవ్వేది. అతని భార్య పూలమ్మ అంటుండేది, "ఈయన మాట్లాడుతాంటే నాకే కొనబుద్ధయితది, ఏం అమ్ముతాండో తెల్వదు గని" అని.

ఆ ఏడు చలికాలంలో పశువుల దవాఖాన నుంచి లక్ష్మీనారాయణ అనే డాక్టరు సైకిలు మీద వాడకు వచ్చాడు. వయసు చిన్న, మాట నెమ్మది. అందరినీ తొట్టి దగ్గర పోగు చేశాడు.

"స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు పందులకు కొత్త జ్వరం వచ్చింది. వైరస్ జ్వరం. కంటికి కనపడని పురుగనుకోండి. ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటది. రోగమొచ్చిన పంది మాంసం, నెత్తురు, కడిగిన నీళ్ళు, ఏది కుడితిల కలిసినా తిన్న పందికల్లా వస్తది."

"మనుషులకు వస్తదా సారూ?" అని వాడ పెద్ద కట్టయ్య అడిగాడు.

"రాదు. పందులకు మాత్రం వచ్చినంక మందు లేదు. రాకముందు టీకా ఉన్నది. హైదరాబాదు నుంచి మంచుపెట్టెల తెప్పియ్యాలె. ఎవరి పందికన్న ఒళ్ళు కాలినా, చెవులు కందినా, వెనక కాళ్ళు తూలినా ఆ పూటే నాకు చెప్పుండ్రి. తెల్లారేవరకు టీకా రైలుకు వచ్చేటట్టు చేస్త."

"గంతేనా సారూ? మా వాడల ఎవ్వలు దాచిపెట్టరు. కొమ్మ కడుతం" అన్నాడు కట్టయ్య. అందరూ తలలూపారు. యాకయ్య అందరికంటే గట్టిగా ఊపాడు.

అప్పటికి అతని దొడ్లో చుక్కపంది ఉంది. ఘన్‌పూర్ సంత నుంచి కొన్నాళ్ళ కిందటే తెచ్చాడు. నల్లటి ఒళ్ళు, నొసటి మీద తెల్ల చుక్క. చిలుకమ్మ దాని చెవి పట్టుకుని, "లచ్చిమి లెక్కున్నదిరా" అని మురిసింది కూడా. డాక్టరు వచ్చిపోయిన తర్వాత రెండోనాడు పొద్దున అది తొట్టి దగ్గరికి పోలేదు. మూలన ముడుచుకుని వణుకుతోంది. చెవుల కొనలు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

పూలమ్మ వేపకొమ్మ విరుచుకొచ్చింది. యాకయ్య ఆ కొమ్మ లాక్కుని పొయ్యిలో పెట్టాడు.

"ఏంది నువ్వు చేసేది?"

"ఎల్లుండి బేరగాడు వస్తాండు. వ్యాగన్ మాట్లాడిపెట్టిండు. కొమ్మ చూస్తే మన గడప తొక్కుతడా?"

"డాక్టరుసారు ఏం చెప్పిండు? అందరి పందులు సచ్చిపోతయట."

"ఎల్లుండిదాక ఆగుమంటాన. నా పందులు బండెక్కినంక నువ్వు కొమ్మ గాదు, చెట్టు కట్టుకో. బయట ఒక్క మాటన్నవంటే నా మీద ఒట్టే."

చుక్కపంది బతకదని అతనికి అర్థమైంది. బేరగాడు వచ్చేసరికి అది కళ్ళబడకూడదు. మధ్యాహ్నం వాడలో ఎవరూ లేని వేళ, యార్డులో గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడులో, దొడ్డి వెనక దాన్ని కోశాడు. మాంసం గోనెలో కట్టి కల్లు దుకాణాల దిక్కు పంపించాడు. పేగులు, చర్మం, నెత్తురు నీళ్ళు మిగిలాయి. పాతిపెడితే కుక్కలు తవ్వి బయటేస్తాయి. కాలిస్తే వాసన వస్తుంది, ఎవరింట్లో కోశారని అడుగుతారు. ఆ రోజు కుడితి వంతు అతనిదే. అన్నీ ముక్కలు చేసి డ్రమ్ములో కలిపి, పైన హోటలు పప్పు పోసి, తీసుకుపోయి వాడ తొట్టిలో వంచాడు. పందులు తినేస్తే ఇక గుర్తు మిగలదనుకున్నాడు. డాక్టరు ఏం చేయొద్దన్నాడో సరిగ్గా అదే చేశాడు. తెలియక కాదు. విన్నాడు, తలూపాడు, చేశాడు.

సాయంత్రం చిలుకమ్మ కేక వేసింది. పందులన్నీ వచ్చాయి. తడకలు మూసుకున్నాయి. దీపాలు వెలిగాయి. కేక దిగలేదు.

కట్టయ్య గుడిసె గుడిసెకు తిరిగాడు. "ఎవలదన్న పంది రాలేదా? వదినెకు ఇంక మాట రాలే." అందరూ లాంతర్లు పట్టుకుని దొడ్లు చూసుకున్నారు. అందరివీ ఉన్నాయి.

"అరే యాకయ్యా, నీయి?"

"నావన్ని దొడ్లనే ఉన్నయ్ పెద్దయ్యా. చూసిన."

"చుక్కది?"

"అగో, మూలకు పన్నది. జర చల్లగాలికి మబ్బుగున్నది, లేపకు."

కట్టయ్య అడిగిన ఆ ఘడియలో యాకయ్య, "దాన్ని కోసిన పెద్దయ్యా, జ్వరమొచ్చింది" అని ఉంటే తొట్టి కడిగేవాళ్ళు. డాక్టరు దగ్గరికి సైకిలు పోయేది. తొట్టిలో తిన్న పందులు కొన్ని పోయినా, మిగతావి మిగిలేవి. పైనున్న కేక దిగివచ్చి చిలుకమ్మ మాట్లాడేది. వాడవాళ్ళు నాలుగు తిట్లు తిట్టి, మర్నాడు అతని బండ మీద బకెట్లు పెట్టేవాళ్ళు. అంతే అయ్యేది.

వాళ్ళు పట్టాల వెంట, చెరువు కట్ట వెంట వెతికి వచ్చారు. కేక వాడ మీద అలాగే ఉంది. పొద్దున కూడా ఉంది.

అన్న రోజుకు బేరగాడు వచ్చాడు. యాకయ్య పందులన్నీ చూడడానికి గట్టిగా ఉన్నాయి, అన్నీ వ్యాగన్ ఎక్కాయి. బండి కదిలాక యాకయ్య కొత్త తువ్వాల భుజాన వేసుకుని చిలుకమ్మ దగ్గరికి వచ్చాడు.

"వదినె, నా పందులన్ని అమ్మిన. చుక్కది గూడ బండెక్కింది. ఇగ నావాటి ఫికర్ చెయ్యకు."

చిలుకమ్మ ఆకాశం దిక్కు చూసింది. అతను అమ్మిన పందుల మటుకు కేక కొంచెం సన్నబడింది. కానీ దిగలేదు. ఆమె తల తిప్పి యాకయ్యను చూసింది. చూసి, కుడి చెయ్యి చాచి, అరచెయ్యి పైకి తెరిచి, అతని నోటి కింద పట్టింది. చిన్నప్పుడు అతను మట్టి తింటే ఉమ్మమని పట్టినట్టు.

"ఏంది వదినె గట్ల చూస్తానవ్? నాకు పనున్నది" అని అతను వెళ్ళిపోయాడు.

ఆమెకు తెలిసిపోయింది. వేలెత్తి చూపిస్తే చాలు, వాడకంతా తెలిసేది. ఆమె చూపించలేదు. పెంచిన చెయ్యి కదా, వాడే వచ్చి చెబుతాడని చూసింది. ఆమె మీద నాకు ఎంత గౌరవమున్నా ఇది తప్పేనంటాను. ఆ తప్పుకు ఆమె తన గొంతునే ఇచ్చుకుంది. అందుకే అంతకుమించి ఏమీ అనను.

వారం తిరగకముందే కట్టయ్య పందులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా పడుకున్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు పుసులతో అంటుకున్నాయి. లేచినవి తాగినట్టు తూలి పడ్డాయి. కట్టయ్య వేపకొమ్మ కట్టాడు. పక్కింట్లో కట్టారు. ఎదురింట్లో కట్టారు. ఒక్క పొద్దులో వాడంతా పచ్చగా అయిపోయింది, పెళ్ళివారి వాడలాగా. కొమ్మ కట్టిన దొడ్డికి మిగతావాళ్ళు పెట్టాలి. మిగిలినవాళ్ళు ఎవరు? బండలన్నీ ఖాళీగా ఉన్నాయి.

డాక్టరు పరుగున వచ్చాడు. టీకా మంచుపెట్టె మర్నాటి బండిలో దిగింది. ఆయన దొడ్డి దొడ్డికీ తిరిగి, చేతులు కడుక్కుని, పెట్టె మూత మళ్ళీ పెట్టేశాడు.

"జర ముందు తెలిస్తే బాగుండేది" అన్నాడు. "మొదలు ఎవరి పందికి వచ్చింది? చెప్పుండ్రి. ఇప్పుడు తిట్టను. వేరే ఊర్లకన్న ఆపుదాం."

యాకయ్య కూడా అక్కడే ఉన్నాడు. "అదే తెలుస్తలేదు సారూ, గాలికి వచ్చినట్టున్నది" అన్నాడు. పూలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

బూడిద దిబ్బల పక్కన గుంత తవ్వి, సున్నం చల్లి పందులను పూడ్చారు. ఆ సాయంత్రాల్లో యజమానులు ఒక్కొక్కరే చిలుకమ్మ ముందుకు వచ్చి నిలబడి చెప్పారు. "చిన్నమ్మా, నా ఎర్రది పోయింది." "వదినె, నా మచ్చల పిల్లలు పోయినయ్." కట్టయ్య చెప్పలేక చెప్పలేక, తలపాగా తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని చెప్పాడు. ఒక్కో మాటకూ కేక కొంచెం సన్నబడేది. చివరికి దారమంత అయింది. ఆ దారం మటుకు తెగలేదు. ఒక్క పంది గురించి ఇంకా ఎవరో చెప్పలేదని వాడంతటికీ తెలిసింది. ఎవరన్నది తెలియలేదు. ఎందుకంటే యాకయ్య తనవన్నీ చెప్పాడుగా.

తర్వాత ఆ వాడ వాడలా లేదు. ప్రతివాడూ పక్కవాడిని అనుమానించాడు. తొట్టి అలాగే ఎండి పగిలింది. కొందరు రైల్వే గ్యాంగు పనికి పోయారు, కొందరు గోదాముల్లో బస్తాలు మోశారు. మళ్ళీ పందులు పెంచినవాళ్ళు ఎవరి కుడితి వాళ్ళే తెచ్చుకున్నారు. కేక వేసేవాళ్ళు లేక సాయంత్రం కర్రలు పట్టుకుని తిరిగేవాళ్ళు. చిలుకమ్మ బుట్టలు అల్లుతూ, మధ్య మధ్య పైకి చూస్తూ బతికింది. ఆమె చుట్టుపక్కల వాళ్ళకు ఇప్పటికీ గుర్తున్నది ఆ చూపే.

యాకయ్య మాత్రం బాగుపడ్డాడు. పాపం చేసినవాడు వెంటనే పడిపోతాడనుకుంటావు నువ్వు. పడిపోడు. ఘన్‌పూర్ నుంచి ఏటూరునాగారం దాకా ఊరూరా తిరిగి పందుల బేరాలు చేశాడు. పెంకుటిల్లు వేశాడు. చేతికి గడియారం, నోట్లో పాన్. నోరే పెట్టుబడి. అప్పుడప్పుడూ పూలమ్మ అనేది, "పోయి అక్కకు చెప్పరాదు? ఒక్క మాటనే గదా." "చెప్త, చెప్త. వచ్చే అమాసకు చెప్త" అనేవాడు. ఎన్నో అమావాస్యలు పోయాయి. బొగ్గు ఇంజన్లు తగ్గి డీజిల్ ఇంజన్లు వచ్చాయి. బూడిద దిబ్బల మీద గడ్డి మొలిచింది. వాడ మీద ఆ సన్నటి దారం అలాగే ఉండేది. కింద నడిస్తే మాడుకు చల్లగా కాదు, గుచ్చినట్టు తగిలేది.

ఎనభైల్లో ఒక వానాకాలం పొద్దు గూకే వేళ చిలుకమ్మ, అల్లుతున్న బుట్ట ఒళ్ళో ఉండగానే, గుంజకు ఆనుకుని ప్రాణం వదిలింది. ఆ వేళకు యాకయ్య తన ఇంటి అరుగు మీద బేరగాళ్ళతో మాట్లాడుతున్నాడు. "మా పందులకు జ్వరం పేరే తెల్వదు, నా మాట నమ్ము" అంటున్నాడు. అదే ఘడియలో, దిగడానికి గొంతు లేని కేక వాడ మీది నుంచి కదిలింది. వీధిలో వాళ్ళంతా చూశారు. పట్టాలు దాటి, పెంకుల మీదుగా వచ్చి, తెరిచి ఉన్న అతని నోట్లోకి దిగింది. చుక్కపంది సంగతి చెప్పవలసిన నోరు అదొక్కటే.

యాకయ్య దగ్గాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ బేరం మాట అనబోయాడు. "ఉర్ర్... దా... దా... దా..." అని వచ్చింది, చిలుకమ్మ గొంతుతో.

అతను వాడ దిక్కు పరుగెత్తాడు. దారి పొడుగునా ఊరిపందులు అతని వెంటపడ్డాయి. చిలుకమ్మ శవం ముందు మోకాళ్ళ మీద పడి, రెండు చేతులూ నేలకు ఆనించి, ఇన్నేళ్ళు దాచిన మాట చెప్పబోయాడు. వదినె, చుక్కదాన్ని నేనే కోసిన అని. పెదాలు ఆ మాటకే కదిలాయి. అందరూ చూశారు. వచ్చింది మాత్రం కేక.

పూలమ్మ వెనకనుంచి వచ్చింది. ఒట్టు సంగతి పక్కనపెట్టి అంతా చెప్పేసింది. వేపకొమ్మ, గోనె, డ్రమ్ము, పైన పోసిన పప్పు. ముసలి కట్టయ్య విన్నాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. శవం చేతిలో బుట్ట తీసి పక్కన పెడుతూ, "పూలమ్మ చెప్పింది గని, పంది ఆమెది గాదు గదా" అన్నాడు. కట్టుబాటు అందరికీ తెలిసిందే. పంది యజమాని తన నోటితో చెప్పాలి.

ఆ తర్వాత యాకయ్య నోట బేరం రాలేదు. భార్య పేరు రాలేదు. దాహమైతే చెంబు చూపించాడు. పెంకుటిల్లు పోయింది, గడియారం పోయింది, వాటిని నేను లెక్కలోకి తీసుకోను. ప్రతి సాయంత్రం అతను చిలుకమ్మ ఖాళీ గుడిసె ముందుకు వచ్చి నిలబడేవాడు. ఆ రోజు కట్టయ్య లాంతరు పట్టుకుని అడిగినప్పుడు చెప్పవలసిన మాటను చెప్పడానికి నోరు తెరిచేవాడు. కేక లేచి వాడ మీద నిలిచేది. అందరి పందులూ ఇళ్ళకు చేరేవి. నొసటి మీద తెల్ల చుక్క ఉన్నది మాత్రం వచ్చేది కాదు. చీకటి పడ్డాక పూలమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంటే, పైకి చూస్తూ ఇంటికి నడిచేవాడు. అతను చచ్చిన సాయంత్రం కూడా నోరు తెరిచే ఉంది.